ఎండాకాలం సినిమా, చెనిక్కాయ సేద్యం, మా మామ లెక్క

ఉగాది దగ్గర పడుతోందంటే నాకు రెండు పంచాంగాలు వినపడతాయి. ఒకటి ఊర్నుంచి అమ్మ ఫోనులో చదివి వినిపించేది: ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత. రెండోది ఆఫీసులో భోజనాల బల్ల దగ్గర మొదలయ్యేది: ఈ ఎండాకాలం ఏ సినిమా టాపు, ఏ సినిమా ఢమాలు. రెండో పంచాంగంలోనూ ఉండేవి ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలే కాబట్టి పెద్ద తేడా ఏం లేదనుకోండి :)

మొన్న మా టీములో ఒక కుర్రాడు ఏకంగా మోడలే కట్టేశాడు. ట్రైలరుకి ఎన్ని వ్యూస్, హీరోగారి గత మూడు సినిమాలు ఎంత చేశాయి, దర్శకుడి హిట్టు శాతం ఎంత, సెలవులు ఎన్ని... అన్నీ కాలమ్సుగా పెట్టి రిగ్రెషన్ నడిపాడు. చివర్లో నా వైపు తిరిగి, "అన్నా, నువ్వు సీమోడివి కదా, సీడెడ్ ఎంత వస్తుందో నువ్వు చెప్పు" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను గానీ ఆ ప్రశ్న రెండు రోజులు బుర్రలో తిరిగింది. ఎందుకంటే ఆ ప్రశ్నకి జవాబు చెప్పబోయి మా ఇంట్లో ఒక మనిషి బాగా దెబ్బతిన్నాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు కాస్త చరిత్ర.

మాది గోరంట్ల. గుంటూరు పక్కనున్న గోరంట్ల కాదండీ, చిత్రావతి ఒడ్డున, హిందూపురానికీ కదిరికీ మధ్యన ఉన్న గోరంట్ల. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. సినిమా వ్యాపారంలో మాత్రం జిల్లా పేర్లతో పని లేదు, మేమంతా 'సీడెడ్'. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కుంఫిణీ వాళ్ళకి అప్పజెప్పినప్పుడు వచ్చిన పేరు అది. కుంఫిణీ పోయింది, తెల్లవాడు పోయాడు, చివరికి పాఠ్యపుస్తకాల్లోంచి కూడా ఆ మాట దాదాపు పోయింది. 'నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్టు, వెస్టు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు' అని సినిమా బయ్యర్లు మాత్రం ఇంకా చదువుతూనే ఉన్నారు. నాకు తెలిసి ఇంత నిష్ఠగా పాత చరిత్రని కాపాడుతున్న రంగం మరొకటి లేదు!

సరే, అసలు 'టాప్' అంటే ఏమిటి? మనవాళ్ళు చర్చలో మూడు అంకెల్ని కలిపేస్తారు. టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాసు. అందులోంచి పన్ను తీసేస్తే నెట్టు. నెట్టులోంచి థియేటరు అద్దె పోగా డిస్ట్రిబ్యూటరు చేతికి వచ్చేది షేరు. ఇవి కాక నాలుగో అంకె ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు: ఆ ఏరియాకి సినిమాని ఎంతకి కొన్నారు అన్నది. పది కోట్లకి కొన్న సినిమా ఎనిమిది కోట్ల షేరు తెస్తే ఫ్లాపు, కోటికి కొన్నది మూడు కోట్లు తెస్తే సూపర్ హిట్టు. అంటే రెండో సినిమాకి రెండింతల లాభం మిగిలి కూడా మన టాప్ జాబితాలో అది మొదటిదాని కిందే ఉంటుంది. మా కుర్రాడి మోడల్లో ఈ కాలమే లేదు.

ఎండాకాలం సినిమా అనే లెక్క ఎప్పుడు మొదలైందో చూద్దాం. అమెరికాలో 1975 జూన్ 20న 'జాస్' వచ్చింది. టీవీలో ప్రకటనలు గుప్పించి 400కి పైగా థియేటర్లలో ఒకేసారి వదిలారు. అప్పటినుంచి వేసవి అంటే పెద్ద సినిమాల కాలం అయింది. రెండేళ్ళకి, 1977 మే 25న 'స్టార్ వార్స్' కేవలం 30 చిల్లర థియేటర్లలో మొదలైంది. దాన్ని తీసిన లూకస్‌కే నమ్మకం లేదట. స్నేహితుడు స్పీల్‌బర్గ్ తీస్తున్న సినిమానే పెద్ద హిట్టవుతుందనుకుని ఇద్దరూ చెరి రెండున్నర శాతం లాభం మార్చుకున్నారు. తీసినవాడి అంచనాయే తప్పింది, స్పీల్‌బర్గ్ హాయిగా బాగుపడ్డాడు.

అదే 1977 వేసవిలో, 'స్టార్ వార్స్' కంటే సుమారు నాలుగు వారాల ముందు, ఏప్రిల్ 28న మన దగ్గర 'అడవి రాముడు' వచ్చింది. ఆ జనవరి 14నే 'దానవీరశూర కర్ణ', 'కురుక్షేత్రం' ఒకే రోజు పోటీపడ్డాయి. ఒక పౌరాణికంతో సంక్రాంతి గెలిచిన రామారావు గారు నాలుగు నెలలు తిరక్కుండా అడవిలో రంగుల పాటలతో వేసవి గెలిచారు. కుర్ర దర్శకుడు రాఘవేంద్రరావుకి అది పెద్ద మలుపు. ఆ సినిమా తర్వాతే మన నిర్మాతలకి ఎండాకాలం సెలవుల మీద గట్టి గురి కుదిరిందని నా నమ్మకం. ఎనిమిదేళ్ళ తర్వాత, 1985లో, ఆయనే మా పక్క హిందూపురానికి ఎమ్మెల్యే అయ్యాడు. 1989లో, 1994లో కూడా అక్కడ గెలిచాడు. ఆ అంచనా మాత్రం మావాళ్ళు ఎప్పుడూ తప్పలేదు.

ఇక 1990. అంచనాల గురించి మాట్లాడేవాళ్ళు ఈ ఏడాదిని తప్పకుండా చదవాలి. మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదల. చిరంజీవి, శ్రీదేవి, రాఘవేంద్రరావు, ఇళయరాజా, నిర్మాత అశ్వనీదత్. ఏ మోడల్‌కి ఇచ్చినా నూటికి నూరు వేసే కాంబినేషన్. సరిగ్గా అదే రోజు మచిలీపట్నం దగ్గర తుఫాను తీరం దాటింది. దాదాపు వెయ్యిమంది చనిపోయారు. రోడ్లు లేవు, కరెంటు లేదు, కోస్తాలో థియేటర్లలోకి నీళ్ళు. ఆ వారం ఎవరిని అడిగినా సినిమా మునిగిపోయిందనే చెప్పేవాళ్ళు. తీరా వానలు తెరిపిచ్చాక జనం వచ్చారు, వస్తూనే ఉన్నారు. ఆ ఏడాది అంతకు మించిన సినిమా లేదు. ఇక్కడ గమనించాల్సింది, అంచనా రెండుసార్లు మారింది. విడుదలకి ముందు 'హిట్టు' అన్నారు, మొదటి వారం 'పోయింది' అన్నారు. మొదటిదే నిజమైంది. కానీ ఆ మధ్య వారంలో భయపడి చేతులెత్తేసినవాడికి ఆ నిజం వల్ల ఒరిగేదేం లేదు.

తర్వాతి రెండు వేసవులూ చిరంజీవివే. 1991 మే 9న 'గ్యాంగ్ లీడర్', 1992 ఏప్రిల్ 9న 'ఘరానా మొగుడు'. పది కోట్ల షేరు దాటిన తొలి తెలుగు సినిమాగా రెండో దాన్ని చెప్పుకుంటారు. ఇంకేముంది, తొమ్మిదో తారీఖు సెంటిమెంటు పుట్టింది.

ఈ తారీఖుల సెంటిమెంటు మన సాఫ్టువేరు వాళ్ళకి బాగా తెలిసిన జబ్బే, ఓవర్‌ఫిట్టింగ్. ఏప్రిల్ 28 తీసుకోండి. 1977లో 'అడవి రాముడు', 2006లో 'పోకిరి', 2017లో 'బాహుబలి-2'. మూడూ చరిత్రలే. మూడింటికి మూడు, వంద శాతం! మరి 2023లో అదే తారీఖున 'ఏజెంట్' వచ్చి చతికిలబడింది. మే 9 చూడండి. 'జగదేకవీరుడు', 'గ్యాంగ్ లీడర్', 1997లో 'ప్రేమించుకుందాం రా', 2018లో 'మహానటి'. భలే ఉంది కదా? 2008లో అదే తారీఖున, 'జగదేకవీరుడు' తీసిన అదే వైజయంతీ సంస్థ నుంచి, జూనియర్ ఎన్టీఆర్‌తో 'కంత్రి' వచ్చింది. అంచనాలు అందుకోలేదు. తారీఖు అదే, బ్యానరు అదే, హీరో పెద్దవాడే. ఏ కాలమ్ తప్పిందో చెప్పండి చూద్దాం.

2006 ఇంకా మంచి పరీక్ష. ఏప్రిల్ 28న 'పోకిరి', అయిదు రోజుల తర్వాత మే 3న పవన్ కళ్యాణ్ 'బంగారం'. రెండోదాని నిర్మాత ఎ.ఎం.రత్నం, అదే హీరోతో 2001 వేసవిలో 'ఖుషి' ఇచ్చినవాడు. దర్శకుడు ధరణి, మన 'ఒక్కడు'ని తమిళంలో 'గిల్లి'గా తీసి అక్కడ రికార్డులు కొట్టినవాడు. కాగితం మీద 'బంగారం' తక్కువేం కాదు. 'పోకిరి' మొదట వేరే హీరోతో అనుకున్న కథ. జరిగింది మీకు తెలుసు. 'పోకిరి' తమిళానికీ హిందీకీ కూడా పాకింది, 'బంగారం' నిలబడలేదు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మా వీధిలో పిల్లలందరూ మెడ ఒక పక్కకి వంచి నడిచేవాళ్ళు, ఆ సినిమా గురించి నా దగ్గరున్న డేటా అంతే.

ఇప్పుడు గోరంట్లకి వద్దాం. పాతకాలంలో మా ఊరికి కొత్త సినిమా వెంటనే వచ్చేది కాదు. ప్రింటు తీయడం బోలెడు ఖర్చు, కాబట్టి లెక్క పెట్టి తీసేవాళ్ళు. ముందు అనంతపురం, హిందూపురం లాంటి పెద్ద సెంటర్లలో ఆడాలి. అక్కడ పాతబడ్డాక ఆ రీళ్ళ డబ్బా బస్సెక్కి మా ఊరికి వచ్చేది. అప్పటికి గీతలు పడి, పాటల్లో ముక్కలు పోయి, తెర మీద వానే వాన. మా తాలూకాలో వాన పడేది తెర మీదే అని పెద్దవాళ్ళు జోకు వేసేవాళ్ళు.

మేము దీన్ని అవమానంగా అనుకునేవాళ్ళం. హిందూపురంలో చూసినవాడు వచ్చి కథంతా చెప్పేస్తుంటే కడుపు మండేది. కానీ టాకీసు నడిపేవాడి వైపు నుంచి చూడండి. వాడికి అంచనాతో పనే లేదు! బస్సెక్కి హిందూపురం పోయి, రెండో వారం సోమవారం మ్యాట్నీకి ఎంతమంది ఉన్నారో బయట నిలబడి లెక్క పెట్టుకుంటే చాలు. జనం ఉంటే డబ్బా తెచ్చుకో, లేకపోతే పాత ఎన్టీఆర్ సినిమా వేసుకో. మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లో వేరేవాడు నడిపి చూసిన కోడునే వాడు తెచ్చుకునేవాడు. ఆఖర్న ఉండడంలో ఉన్న లాభం అది.

2000ల చివరి నుంచి డిజిటల్ ప్రదర్శన వచ్చింది. ప్రింటు లేదు, డబ్బా లేదు. హైదరాబాదులో పడిన రోజే గోరంట్లలో కూడా మొదటి ఆట. మేమంతా పండగ చేసుకున్నాం. నేను కూడా చొక్కా చిరిగేదాకా అరిచినవాణ్ణే. కానీ ఆ పండగతో పాటు ఇంకోటి జరిగింది, అప్పుడు మాకెవరికీ తట్టలేదు. ఫలితం చూసి కొనుక్కునే సౌకర్యం పోయింది. సినిమా ఎట్లా ఉందో ఎవరికీ తెలియక ముందే, బెంగుళూరు మల్టీప్లెక్సు వాడితో సమానంగా, గోరంట్ల టాకీసు వాడు కూడా దుడ్డు కట్టాల్సి వచ్చింది.

ఇక్కడే మా మామ వస్తాడు.

మా అమ్మ తమ్ముడు. వానాధారం మీద చెనిక్కాయ సేద్యం, బోరు కింద రెండెకరాల్లో మల్బరీ, పట్టుగూళ్ళు. దాంతో పాటు కొన్నాళ్ళు ఒక టాకీసు లీజుకి తీసుకున్నాడు. 2010ల్లో ఒక ఎండాకాలం పెద్ద హీరో సినిమా వస్తోందన్నారు. పేరు చెప్పను, చెప్తే మీరు సినిమా గురించి కొట్లాడుకుంటారు. మూడున్నర లక్షలు అడ్వాన్సు, సినిమా పోతే తిరిగి రాని షరతు. మామ నన్నడిగాడు, "ఏం అల్లుడూ, కంప్యూటర్లో చూస్తాంటావు గదా, ఇది ఆడ్తుందా?" అని. నేను అప్పుడు స్కూలు కుర్రాణ్ణి. నెట్ సెంటరుకి పోయి రెండు సినిమా సైట్లు చూసి, "రికార్డులు బద్దలే మామా" అన్నాను. ఆయన నా మాట నమ్మి కట్టాడని చెప్పను, ఎట్లాగూ కట్టేవాడే. కానీ అడగడం అడిగాడు, నేను చెప్పడం చెప్పాను.

శుక్ర, శని, ఆదివారం వాకిట్లో బండ్లు నిలపను తావు లేదు. సోమవారం మధ్యాన్నం ఆటకి పదకొండు మంది. అందులో నేనొకణ్ణి, ఉచితం. బుధవారానికి తెర తీయలేదు. ఫోను చేస్తే "వచ్చే సినిమాకి సర్దుదాంలే" అన్నారు. ఆ వచ్చే సినిమా రాలేదు. బోరున్న రెండెకరాలు మూడేళ్ళకి గుత్తకిచ్చి మామ అప్పు కట్టాడు. టాకీసు వదిలేశాడు, తర్వాత అది కళ్యాణ మండపమైంది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. చాలా రోజులకి, ఒకసారి చేనికాడ కూర్చుని ఉంటే, "సినిమా గూడా సేద్యమే అల్లుడూ. ఇత్తనం ఏసేది మనం, మోడం పట్టేది వాని ఇష్టం. ఐతే చెనిక్కాయకి పదును చూసి ఏస్తాం. దీనికి ఆ పదును గూడా సూడనీరు" అన్నాడు.

ఆ మాట చాన్నాళ్ళు నాకు సరిగా అర్థం కాలేదు. మా జిల్లాలో ఏడాదికి వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ. అంచనాల మీద బతకడం మాకు కొత్త కాదు. ఈ దేశంలో రుతుపవనాల ముందస్తు అంచనా 1886లో బ్లాన్‌ఫర్డ్ మొదలుపెట్టాడు, ఇప్పటికీ వాతావరణ శాఖ ప్రతి ఏప్రిల్లో చెప్తుంది. అయితే ఆ శాఖ 'సగటులో ఇంత శాతం' అని చెప్పి పక్కనే 'ప్లస్ ఆర్ మైనస్ 5' అని కూడా రాస్తుంది. పైగా అది దేశం మొత్తానికి, గోరంట్లకి కాదు. రైతు అది విని ఊరుకుంటాడు, మొదటి వాన పడి నేల పదునెక్కాకే విత్తుతాడు. అంటే అంచనాకీ పెట్టుబడికీ మధ్య ఒక చిన్న పరీక్ష ఉంది. అది తప్పినా, పంటకి బీమా అని ఒకటుంది (చేతికి వచ్చేది ఎంత అన్నది వేరే గొడవ). సినిమా అంచనా చెప్పేవాడు ఎప్పుడైనా ప్లస్ ఆర్ మైనస్ చెప్పడం విన్నారా? పదును చూసే అవకాశం డిజిటల్‌తో పోయింది, బీమా మొదట్నుంచీ లేదు.

అమెరికాలో ఈ పందేన్ని ఏకంగా మార్కెట్టు చేయబోయారు. 2010లో రెండు సంగతులు జరిగాయి. హెచ్‌పీ ప్రయోగశాలలో ఇద్దరు పరిశోధకులు 24 సినిమాల మీద సుమారు 29 లక్షల ట్వీట్లు లెక్కగట్టి, మొదటి వారాంతం వసూళ్ళు బాగా అంచనా కట్టొచ్చని చూపించారు. అదే ఏడాది బాక్సాఫీసు వసూళ్ళ మీద ఫ్యూచర్స్ వ్యాపారానికి ముందు అనుమతి వచ్చింది, నెల తిరిగేసరికి అక్కడి పార్లమెంటు దాన్ని నిషేధించింది. ఎట్లా నిషేధించిందో తెలుసా? 1958లో ఉల్లిగడ్డల ఫ్యూచర్స్‌ని నిషేధిస్తూ చేసిన చట్టంలోనే సినిమా వసూళ్ళని కూడా చేర్చింది. అమెరికాలో ఆ చట్టం కింద నిషేధం ఉన్నవి ఈ రెండే. ఉల్లిగడ్డ, సినిమా! కర్నూలు మార్కెట్టులో ఉల్లి రైతుని అడిగితే ఈ జోడీ ఎంత సబబో అరనిమిషంలో చెప్తాడు.

ఆ ట్వీట్ల లెక్కలో కూడా ఒక మాట గమనించండి: మొదటి వారాంతం. నా మట్టుకు నాకు ఇదే అసలు కీలకం. మొదటి మూడు రోజులు హీరోవి. అది అంచనా కట్టొచ్చు, మా కుర్రాడి మోడల్ కూడా కడుతుంది. సోమవారం నుంచి సినిమాది. అది ఎవడూ కట్టలేడు. 2016 ఎండాకాలం చూడండి. ఏప్రిల్ 8న 'సర్దార్ గబ్బర్ సింగ్', మే 20న 'బ్రహ్మోత్సవం', రెండూ కొండంత అంచనాలతో వచ్చి బయ్యర్లని ముంచాయి. మధ్యలో మే 13న 'బిచ్చగాడు' అనే డబ్బింగు బొమ్మ వచ్చింది. మొదటి రోజు పట్టించుకున్నవాడు లేడు. నోటిమాటతో పాకి వంద రోజులాడింది. 2018లో 'నా పేరు సూర్య' వచ్చిన అయిదో రోజున 'మహానటి' వచ్చింది, పెద్ద హీరోల లెక్కలన్నీ పక్కకి పోయాయి. పాత డబ్బాల కాలమైతే మా మామ లాంటివాడు ముందు రెండూ వదిలేసి 'బిచ్చగాడు' తెచ్చుకునేవాడు. కానీ అప్పటికే టాకీసు లేదు.

అంటే ఇన్నేళ్ళలో మన అంచనా మెరుగుపడిందా అంటే, మొదటి మూడు రోజులకి పడింది. కానీ తప్పిన అంచనాకి డబ్బు ఎవరు కట్టాలి అన్నది మాత్రం కిందికి జారుతూ వచ్చింది. నిర్మాత బయ్యరుకి అమ్మేస్తాడు, బయ్యరు థియేటరు దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. ఎప్పుడైనా ఒకసారి పెద్దవాళ్ళు వెనక్కిస్తారు. 2002లో 'బాబా' పోయినప్పుడు రజనీకాంత్ ఇచ్చాడు. 2022 ఏప్రిల్ 29న వచ్చిన 'ఆచార్య' పోయాక పారితోషికంలో చాలా భాగం వదులుకున్నామని చిరంజీవి చెప్పాడు. మంచిదే. కానీ ఆ డబ్బు సీడెడ్ బయ్యరు దాకా వస్తే ఎక్కువ, లీజుదారు దాకా దిగదు. ఇంకో చివర టిక్కెట్టు రేటు. 2021 ఏప్రిల్ జీవోలో పంచాయతీల్లో కింది తరగతి టిక్కెట్టు 5 రూపాయలన్నారు, 2022 మార్చిలో మళ్ళీ పెంచారు. ఏడాది లోపల కొలబద్దే ఇంత మారితే 'రికార్డు బద్దలైంది' అనే మాటకి అర్థమేముంది?

ఒక్కోసారి అసలు పంటే ఉండదు. 2020 వేసవిలో లాక్‌డౌన్, ఒక్క బొమ్మ లేదు. 2024లో ఎన్నికలు మే 13న పడి, మే 9కి రావాల్సిన 'కల్కి' జూన్ 27కి పోయింది. కొత్త సినిమాల్లేక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు ఆ మేలో కొన్నాళ్ళు తామే మూసుకున్నాయి. ఏ పంచాంగంలోనూ ఇవి లేవు.

పోయిన ఉగాదికి ఊరికి పోతే మామ ఫోనులో ఏదో ట్రైలరు చూస్తున్నాడు. "ఆడ్తుందా మామా?" అని నేనే అడిగాను. "ఆడితే సోమవారం చెప్తా" అన్నాడు. మా కుర్రాడికి కూడా అదే చెప్పాను. మోడల్లో ఒక కాలమ్ చేర్చు, సినిమా ఎంతకి కొన్నారు, అడ్వాన్సు ఎవరు కట్టారు అని. ఆ డేటా ఎక్కడ దొరుకుతుందన్నా అన్నాడు. దొరకదు. దొరికితే అంచనాలు చెప్పేవాళ్ళం కొంచెం నోరు అదుపులో పెట్టుకునేవాళ్ళమేమో.

మీ ఊళ్ళో టాకీసు ఇంకా ఉందా? ఉంటే ఈ ఎండాకాలం సోమవారం మ్యాట్నీకి ఒకసారి పోయి చూడండి.